శ్రుతి కుదరలేదు, అంతే

"మీకు తంబూరా ఎందుకండీ?"

కొత్తపేట దగ్గర ఒక అగ్రహారంలో పాత తంబూరా అమ్మకానికి ఉందని తెలిసి, బేరం చూస్తున్న మధ్యవర్తికి ఫోన్ చేశాం. మా పేరు విన్నాక ఆయన అన్న మాట ఇది. అంతకుముందు దాకా బాగానే మాట్లాడాడు. మిరజ్ సరుకన్నాడు. నిలబెడితే మనిషి భుజం దాకా వస్తుందన్నాడు. బుర్ర పగిలిందిగానీ కర్రకి ఢోకా లేదన్నాడు. ఆయ్, తీరిక చూసుకుని రండి, మీరే చూద్దురుగానీ అన్నాడు. పేరు చెప్పగానే గొంతు మారింది. అందులో కోపం లేదు, ద్వేషమూ లేదు. దారి తప్పి మరో వీధికి వచ్చినవాడిని చూస్తే కలిగే ఆశ్చర్యం, అంతే.

పగిలిన పాత వాయిద్యం కొనాలా వద్దా అన్నది చాలా మామూలు ప్రశ్న. పగులు ఎంత, బాగుచేయిస్తే ఎంతవుతుంది, కొత్తది ఎంత, మన జేబులో ఎంత. ఎవరైనా ఈ నాలుగు లెక్కలే వేసుకుంటారు. ఆ మామూలు ప్రశ్న మా గుమ్మంలోకి వచ్చేసరికి మామూలుగా ఎందుకు మిగలలేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేమంటే నలుగురం. అమ్మీ, ఆలుమగలం ఇద్దరం, పదమూడేళ్ళ అమ్మాయి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు అని మా గురించి అందరూ అనుకుంటారు. ఆ గీత మా ఇంట్లో ఎప్పుడో చెరిగిపోయింది. అమ్మాయి దాదీతో ఉర్దూలో పోట్లాడి తెలుగులో రాజీపడుతుంది. నాలుగేళ్ళుగా అమలాపురంలో ఒక మాస్టారి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. మేము నేర్పించాలనుకోలేదు. పక్కింటి పిల్లతో తోడు వెళ్ళింది. పక్కింటి పిల్ల మానేసింది. మాది మానలేదు.

ఇప్పటిదాకా ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని పాడుతోంది. మాస్టారు ఒకరోజు అన్నారు: "ఫోన్ శ్రుతి తప్పు కాదమ్మా. కానీ అది సిద్ధంగా వచ్చేస్తుంది. తంబూరా అయితే నువ్వే శ్రుతి చేసుకోవాలి. తీగ ఎక్కడ కలిసిందో నీ చెవే చెప్పాలి. సగం సంగీతం అక్కడే ఉంది."

తంబూరాకి నాలుగే తీగలు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. మెట్లు లేవు, రాగం పలకదు. వెనక నిలబడి పాటకి నేలలా ఉంటుంది. తీగలు ఎక్కి కూర్చునే చిన్న వంతెనని మనవాళ్ళు గుర్రం అంటారు. ఆ గుర్రం మీద ప్రతి తీగ కిందా ఒక నూలుపోగు ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే తీగ ఒకచోట జుమ్మని తేనెటీగలా పలుకుతుంది. దాన్ని ఇక్కడ జీవ అంటారు, హిందుస్తానీ వాళ్ళు జవారీ అంటారు. తంబూరా అన్న మాటకే పారశీ తంబూర్‌తో చుట్టరికం ఉంది. ఇంతవరకు మాకు తెలుసు. మిగిలింది మధ్యవర్తి ప్రశ్న తర్వాత తెలుసుకోవలసి వచ్చింది.

ఆయన ప్రశ్నకి మేము ఏం జవాబు చెప్పామో దాచకుండా చెబుతాం. జాబితా చదివాం. షేక్ చినమౌలానా గారి పేరు విన్నారా అన్నాం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంతో దేశమంతా తిరిగారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది అన్నాం. పొన్నెకల్లు నాజర్ భుజాన తంబూరా వేసుకుని బుర్రకథ చెబితే ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చాయి, 1986లో పద్మశ్రీ వచ్చింది అన్నాం. అంతటితో ఆగామా? మీరు చెబుతున్న ఆ మిరజ్ తంబూరా చేసినవాళ్ళెవరనుకున్నారు అని కూడా అడిగాం.

చెప్పిందంతా నిజమే. మిరజ్‌లో కత్తులు సానబట్టే శికల్‌గార్ కుటుంబాలు కొన్ని ఉండేవి. కత్తులకి గిరాకీ పోయిన 19వ శతాబ్దం మధ్యలో ఫరీద్ సాహెబ్ అనే ఆయన వాయిద్యాల పనిలోకి దిగాడు. ఆయన వెనక ఆ వీధే సితార్‌మేకర్ల వీధి అయింది. తంజావూరు తంబూరాకి కుండ పనసకర్రతో తొలుస్తారు. వీళ్ళ తంబూరాకి ఎండిన పెద్ద సొర బుర్ర. ఆ బుర్రలు పండరిపురం వైపు, భీమానది పక్క పొలాల్లో పండుతాయి. 2024లో మిరజ్ సితార్‌కి, తంబూరాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్ళోనే కిరానా ఘరానా అబ్దుల్ కరీం ఖాన్ బతికాడు. దక్షిణాదికి వచ్చి మన సంగీతం మోజుపడి నేర్చుకున్నాడు. ఖరహరప్రియలో త్యాగయ్య కృతిని గ్రామఫోను రికార్డుకి పాడాడు. 1937లో రైల్లో పోతూ ఒంట్లో బాగాలేక సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్లో దిగిపోయి, ప్లాట్‌ఫారం మీదే తంబూరా శ్రుతి చేయించుకుని, దర్బారీలో ప్రార్థన పాడి కన్నుమూశాడని చెబుతారు. మిరజ్ దర్గాలోనే ఆయన సమాధి.

మధ్యవర్తి అంతా విని "మరేనండి, మరేనండి, ఊరికే అడిగానండి" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఒక పగిలిన వస్తువు చూసి వస్తామనడానికి ఇంతమంది పెద్దల్ని సాక్ష్యానికి పిలవాలా? సంగీత కళానిధి వచ్చి సిఫారసు చేస్తే తప్ప మా అమ్మాయి ఒక తీగ మీటకూడదా? 1992 డిసెంబరు తర్వాత ఇలాంటి జాబితాలు మాకు నోటికి వచ్చేశాయి. అద్దె ఇంటికి ఒక జాబితా. క్రికెట్ మ్యాచ్ రోజుకి ఒక జాబితా. ఆగస్టు 15కి ఒక జాబితా. అందులో ఉన్నవాళ్ళంతా కొండలు. మేము మామూలు మనుషులం. మామూలుగా ఉండడానికి కొండల్ని మొయ్యాలి.

ఇది ఒకవైపు. రెండోవైపు మామూ వచ్చాడు. పదిహేనేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. "వాయిద్యం ఇంట్లో పెడితే ఫరిష్తాలు గడప తొక్కరు. పిల్ల చిన్నది, పాడితే పాడింది. ఇప్పుడు డబ్బు పెట్టి హరామ్‌ని ఇంటికి తెస్తారా?" అన్నాడు. అమ్మీ వంటింట్లోంచే జవాబిచ్చింది: "నా పెళ్ళిలో రాత్రంతా ఢోలక్ మోగింది. నిద్రపోరా అంటే పోకుండా నా పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టావు." మామూ నవ్వాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సంగీతం మీద మా పండితుల్లో పూర్వం నుంచీ రెండు మాటలున్నాయి. చిష్తీ సూఫీలు పాటని దేవుడి దగ్గరికి దారి అన్నారు. కాదన్నవాళ్ళూ అంత గట్టిగానే అన్నారు. మా బాధ వేరు. మామూ కూడా బుర్ర ఎంత పగిలిందని అడగలేదు.

మూడోవైపు మా మిత్రుడు. ప్రగతిశీలుడు, మంచివాడు. మాకు కష్టం వచ్చిన ప్రతిసారీ వచ్చి నిలబడినవాడు. విషయం తెలిసి పొంగిపోయాడు. "అగ్రహారం తంబూరా సాయిబుల ఇంటికి! మతసామరస్యం అంటే ఇదీ! ఫోటో తీద్దాం. పాప బురఖాలో తంబూరా పట్టుకుని..." అంటూ చేతులతో ఫోటో చట్రం కూడా చూపించాడు. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "నేను బురఖా ఎప్పుడు వేసుకున్నాను అంకుల్?" అంది. ఆయన నాలిక కరుచుకున్నాడు. కానీ ఆయనకీ ఆ తంబూరా మోగుతుందా లేదా అన్నది అక్కర్లేకపోయింది. కొంటే చాలు.

ఒకరికి మేము కొనడం వింత, ఒకరికి పాపం, ఒకరికి సందేశం. ఉత్త బేరంగా చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. అమలాపురంలో తలుపులూ కిటికీలూ చేసే ముసలి వడ్రంగి. వస్తావా తాతా అంటే, "ఎండలో పెట్టారా, అటక మీద పెట్టారా? చెద ఉందా?" అని అడిగాడు. ఆ మాటకి మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్ళాం. మండువా ఇల్లు. సగం గదులకి తాళాలు. ఎనభై దాటిన మామ్మగారు ఒక్కరే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాదులో ఒకరు, అమెరికాలో ఒకరు. "లోపలికి రండి" అన్నారు. మేము చెప్పులు విడిచి వెళ్ళాం. వెనక్కి చూస్తే అమ్మీ అరుగు మీదే ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. కాళ్ళే ఆగాయి. మామ్మగారు గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, మీరూనండి" అన్నాక కదిలింది.

తంబూరా గలీబులో ఉంది. ముతక కాన్వాసు గుడ్డ, రంగు వెలిసిపోయింది. అమ్మీ దాని అంచు చేత్తో తడిమి, "ఇది మీ అబ్బా కుట్టింది" అంది. అబ్బా దర్జీ. అంచున రెండు వరసలు కుట్టి మూల మడిచేది ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. బుర్ర దగ్గర సరిగ్గా పట్టిన గలీబు మెడ దగ్గర వదులుగా ఉంది. ఎందుకో అమ్మీకి గుర్తుంది. ఆ రోజుల్లో తంబూరా బయటికి తేలేదు, అబ్బా లోపలికి పోలేదు. కొలతలు తాడుకి ముడులేసి అరుగు మీదికి పంపారు. తాడు కొలత మీద కుడితే ఆ మాత్రం వదులు వస్తుంది. గలీబు అన్నది మా గిలాఫ్ అన్న మాటే. మాట ఎప్పుడో లోపలికి వెళ్ళింది. కుట్టినవాడు అరుగు మీదే ఉండిపోయాడు.

మామ్మగారు ఇది విన్నారు. ఏమీ అనలేదు. కాసేపు గలీబు వైపే చూశారు.

వడ్రంగి తాత పనిలోకి దిగాడు. బుర్ర వెనక జానెడు పగులు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి పెంకులు లేచిపోయి, వాసం విరిగి దాని మీద పడిందట. కోనసీమలో ఆ రాత్రి తెలియనివాళ్ళు లేరు. వెయ్యిమందికి పైగా పోయారు, లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. మా ఇంటి దూలం విరిగిందీ ఆ రాత్రే. తెల్లారాక ఎవరి ఇంటి పెంకులు ఎవరి పెరట్లో ఉన్నాయో తెలియలేదు.

"బుర్ర పగులు పెద్ద జబ్బు కాదండి. లోపల గుడ్డ వేసి సరేసుతో అతకొచ్చు. మరీ కాకపోతే బుర్రే మార్చేస్తారు" అన్నాడు తాత. దండిని కంటికి ఎదురుగా పట్టుకుని, గుమ్మపు చట్రం చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. కొంచెం వంగింది. సితారుకో వీణకో అయితే ఆ వంపు ప్రాణాంతకం, మెట్ల మీద స్వరాలు తప్పుతాయి. తంబూరాకి మెట్లు లేవు కాబట్టి ఆ మాత్రం ఓర్చుకుంటుంది. దండి బుర్రతో కలిసేచోట అతుకు విడింది, అది మళ్ళీ పెట్టుకోవచ్చు. బిరడాల్లో ఒకటి ఎవరో జామకర్రతో చేసి పెట్టారు, నిలవడం లేదు. పలక మీద సన్నని రంధ్రాలు. తాత తెల్ల కాగితం పరిచి పలక మీద వేలితో కొట్టాడు. పిండి రాలలేదు. "పురుగు ఎప్పుడో చచ్చింది" అన్నాడు. చివరికి అసలు పరీక్ష. గుర్రం కింద పలక కుంగిందా? కుంగితే ఇక డబ్బు పెట్టకూడదు. స్కేలు ఆనించి చూశాడు. కుంగలేదు. గుర్రం మాత్రం అరిగిపోయింది. కొత్తది పెట్టి దానికి జవారీ తియ్యడం మిరజ్ వాళ్ళ పని, తాతకి రాదు.

లెక్క వేశాం. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు కాబట్టి రాజమండ్రి దాకా కారు, అక్కడ నుంచి మిరజ్. బాగుచేతకీ రవాణాకీ పదివేలు. అడుగుతున్నది పదిహేను వేలు. కొత్తది ముప్ఫై వేలు దాటుతుందని మిరజ్‌లో ఫోన్‌లో చెప్పారు. నష్టం లేని బేరం. డబ్బు కూడా తెచ్చుకున్నాం.

నిజం చెప్పాలంటే, డబ్బు తెచ్చుకోవడంలోనే మా తప్పు బయటపడింది. మేము చూడ్డానికి రాలేదు, కొనడానికి వచ్చాం. మీకెందుకండీ అన్న ఆ మధ్యవర్తి కళ్ళముందు పట్టుకుపోవాలని వచ్చాం. గలీబు చూశాక అది మరింత పెరిగింది. తాత మా ముఖాలు చూసి, ఏం గ్రహించాడో, "రోషం మీద కొంటే లోపాలు కనపడవండి" అన్నాడు. మా ఉనికికి రుజువుగా కొంటే అది వాయిద్యం కాదు, గోడకి నిలబెట్టిన అఫిడవిట్. మామూ అన్నందుకు మానెయ్యడం ఎంత తప్పో, మధ్యవర్తి అన్నందుకు కొనడమూ అంతే తప్పు. రెండిట్లోనూ నిర్ణయం మాది కాదు.

అప్పుడు మామ్మగారు మా అమ్మాయిని దగ్గరికి పిలిచారు. పేరు అడగలేదు. ఏ తరగతి అని అడగలేదు. "ఏ శ్రుతికి పాడతావమ్మా?" అన్నారు.

"ఐదు, మామ్మగారూ."

మామ్మగారు తల అడ్డంగా ఊపారు. "ఇది మా ఆయన తంబూరా. ఆయనది ఒకటి శ్రుతి. ఇంత పొడుగు దండిని ఐదుకి లాగితే తీగలు నిలవవు. సన్న తీగలు వేసి లాగుతారు కొందరు, కానీ ఈ బుర్రకి తగిన నాదం రాదు. దీనికోసం నువ్వు కిందికి దిగి పాడితే నీ గొంతు పోతుంది. నీకు చిన్న తంబూరా కావాలి."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పదిహేను రోజులుగా ఇంటా బయటా ఇంత చర్చ జరిగింది. చరిత్ర తవ్వాం, మతం తవ్వాం, చెద తవ్వాం. పాడేది ఎవరు, ఏ శ్రుతికి అన్న మొదటి ప్రశ్న ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు. మాస్టారికి తంబూరా కొలతలు చెప్పి అడిగి ఉంటే ఆయనే చెప్పేవారు. మేము పేరు మోస్తూ తిరిగామే గానీ శ్రుతి అడగలేదు.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. మామ్మగారు అది చూసి, ఉన్న ఒక్క మంద్రం తీగని బిరడా తిప్పి నిలబెట్టారు. చీరకొంగు పోగు ఒకటి లాగి తీగ కింద జరిపారు. అరిగిన గుర్రం మీదే, పగిలిన బుర్రతోనే అది ఒక్కసారి జుమ్మంది. చాలాసేపు ఉండిపోయింది. అమ్మీ కొంగు సర్దుకుని కూర్చుంది.

గోదావరి ఒడ్డున రిసార్టు పెడుతున్నాయన ఒకరు అడిగిన దానికి ఐదువేలు ఎక్కువిస్తానన్నాడట, లాంజిలో గోడకి తగిలించడానికి. పగులు కూడా చూడలేదట. "పగిలితేనే అందం అన్నాడమ్మా" అని నవ్వారు మామ్మగారు. ఇవ్వలేదు. పాడేవాళ్ళకే ఇస్తారట.

వచ్చేటప్పుడు గలీబు తీసుకెళ్ళమన్నారు, మీ నాన్నగారిది అని. అమ్మీ వద్దంది. దాని కొలత దానిది, ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం అంది. మెడ దగ్గర వదులు మాత్రం సరిచేసి ఇస్తానని సూదీదారం అడిగింది. ఈసారి తాడు అక్కర్లేకపోయింది. తంబూరాని ఒళ్ళో పెట్టుకుని కుట్టింది.

మేము కొనలేదని తెలిశాక మామూ, అల్లా కాపాడాడు అన్నాడు. మధ్యవర్తి, మీవాళ్ళు ఒప్పుకోలేదాండీ అన్నాడు. మిత్రుడు, ఇంకా ఆ ఇళ్ళల్లో అంతేనా అని బాధపడ్డాడు. ముగ్గురికీ ఒకటే చెప్పాం. శ్రుతి కుదరలేదు, అంతే. ముగ్గురూ అందులో వేరే అర్థం విన్నారు. లేదండీ, అసలు అర్థమే. పిల్లది ఐదు, తంబూరాది ఒకటి. ఒక వస్తువుని ఒక మామూలు కారణానికి వద్దనుకోగలగడం మాకు అంత తేలిగ్గా దొరికేది కాదు. ఆ ఆదివారం దొరికింది.

చిన్న తంబూరా కోసం నెలనెలా కొంత దాస్తున్నాం. పెద్దది ఇంకా అక్కడే, సరిచేసిన గలీబులో ఉంది. ఒకటి శ్రుతికో ఒకటిన్నరకో పాడేవాళ్ళెవరైనా ఉంటే వెళ్ళి చూడండి. పేరు అడగరు. శ్రుతి అడుగుతారు.